చేను ఆరబెట్టిన మనిషి

ఆధార్ సంగతి పక్కన పెడితే, నలభై ఎనిమిదేళ్ళ జీవితంలో తెరేసమ్మ పేరు మూడు చోట్ల రాశారు. గుడిలో జ్ఞానస్నానాల పుస్తకంలో ఒకసారి, రేషన్ కార్డులో ఒకసారి, పొదుపు సంఘం పుస్తకంలో ఒకసారి. నాలుగోసారి చేలో రాశారు. ఆ నాలుగోదే కొంప ముంచింది.

చల్లపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలో వక్కలగూడెం. ఆ ఊరి మురుగు కాలువ పక్కన రెండున్నర ఎకరాల వరి చేను. దాని గట్టు మీద రెండు ఇనుప గొట్టాలు పాతి, నీలం రంగు రేకు బిగించి, తెల్ల అక్షరాలతో ‘వాతావరణ రైతు: మేరుగు తెరేసమ్మ’ అని రాయించారు. పక్కన భూగోళం బొమ్మ. దానికి కళ్ళూ, ముక్కూ, నవ్వే నోరూ కూడా పెట్టారు. భూగోళం ఎందుకు నవ్వుతోందో తెరేసమ్మకు అర్థం కాలేదు గానీ, తన పేరు చూసుకుని తనూ నవ్వుకుంది. ఆ ఆదివారం పూజ అయ్యాక ఇంటికి దగ్గరి దారి ఉన్నా, చుట్టు తిరిగి బోర్డు మీదుగా వచ్చింది. సంతోషపడటానికి ఆమెకు దొరికింది సరిగ్గా రెండు రోజులే, కాబట్టి ఆ చుట్టు తిరగడం మంచిపనే అయింది.

ఇదంతా శాలిని వల్ల వచ్చింది. శాలిని విజయవాడ పిల్ల. డిగ్రీ చదివి, వాతావరణం మీద పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగం చేస్తోంది. ఆగస్టులో, నాట్లు పడిన కొత్తలో, భుజానికి సంచీ, చేతిలో పలకలాంటి ఫోనుతో వక్కలగూడెం వచ్చి పొదుపు సంఘం ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది. వరి చేలో నీళ్ళు అలాగే నిలవుంటే అడుగున మట్టి కుళ్ళి ఒక గాలి పుడుతుందట. అది పైకి పోయి లోకాన్ని వేడెక్కిస్తుందట. మధ్య మధ్యలో చేను ఆరబెట్టి మళ్ళీ తడిపితే ఆ గాలి పుట్టదట. అలా పుట్టకుండా పోయిన గాలిని కొలిచి, ఎక్కడో దూరదేశపు కంపెనీలవాళ్ళు కొనుక్కుంటారట.

“పుట్టని గాలిని కొనడవేంటమ్మా?” అని అడిగింది తెరేసమ్మ.

“వాళ్ళు అక్కడ పొగ వదుల్తారు కదండీ. దానికి బదులు మీరిక్కడ తగ్గిస్తే, ఆ తగ్గింపు వాళ్ళ ఖాతాలో వేసుకుంటారు.”

“అంటే వాళ్ళ పొగ అట్టాగే ఉంటది, మా గాలి మాత్రం పోద్దా?”

శాలిని “మొత్తమ్మీద తగ్గుతుందండీ” అంది. ఆ పిల్ల మొహం చూస్తే తనకూ పూర్తిగా తెలిసినట్టు లేదు. అయినా తెరేసమ్మకు ఆ పిల్ల నచ్చింది. మట్టిలో చెప్పులిప్పి నడిచింది, మజ్జిగ ఇస్తే ఎంగిలి చేయకుండా ఎత్తిపోసుకోవడం రాక మీదంతా పోసుకుంది.

నిజానికి తెరేసమ్మ ఒప్పుకున్నది లోకం కోసం కాదు. ఆమె చేను కాలువకు చిట్టచివరిది. పైవాళ్ళందరి చేలూ తాగి, మిగిలితే ఈ చేనుకు నీళ్ళొస్తాయి. ఏటా ఆ చేను ఎండుతూనే ఉంటుంది, ఏటా ఆమె లస్కరు చుట్టూ, అంటే కాలువ నీళ్ళు వదిలే మనిషి చుట్టూ, తిరుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఏ దరిద్రానికి కళ్ళనీళ్ళు పెట్టుకుందో, దాన్నే ఇప్పుడు చదువుకున్న పిల్ల వచ్చి గొప్ప పని అంటోంది. ఎలాగూ ఎండే చేనును నేనే ఎండబెట్టాను అనుకుంటే పోయేదేముంది అనుకుంది.

అప్పుడు శాలిని ఫోనులో రాసుకుంటూ ఒక ప్రశ్న అడిగింది. “ఈ పొలం చేసేది ఎవరండీ?”

ఇక్కడే పొరపాటు జరిగింది. పందొమ్మిదేళ్ళుగా ఎవరొచ్చినా ‘ఈ పొలం ఎవరిది’ అనే అడిగారు. తెరేసమ్మ ‘ఆదిశేషయ్యగారిది’ అనే చెప్పింది. ఎరువుల కొట్లో అదే మాట, లస్కరు దగ్గర అదే మాట, ధాన్యం కాటా దగ్గరా అదే మాట. డెల్టాలో కౌలుకు చేసేవాళ్ళ నోటికి అది ఊపిరంత అలవాటు. విత్తేదీ కోసేదీ తామే అయినా చేను పేరు మాత్రం ఆసామి పేరే. కానీ చేసేది ఎవరని ఇంతవరకూ ఒక్క మనిషీ అడగలేదు. అడిగేసరికి తెరేసమ్మ ఏమీ ఆలోచించకుండా, కొంచెం గర్వంగానే, “నేనేనండీ” అంది.

శాలిని రాసుకుంది. రాసుకున్నది కంప్యూటరుకు ఎక్కింది. కంప్యూటరులోంచి బోర్డు మీదికి దిగింది.

మూడో రోజు చల్లపల్లి నుంచి కబురొచ్చింది. ఆదిశేషయ్యగారు కొట్టు దగ్గరికి రమ్మన్నారని.

ఆదిశేషయ్యది బజారులో బట్టల కొట్టు. వాళ్ళ తాత మగ్గం గుంటలో కూర్చుని నేశాడు. తండ్రి సైకిలు మీద చీరల మూటలు కట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మాడు. ఆ డబ్బుతో కొన్నది ఈ రెండున్నర ఎకరాలు. ఆదిశేషయ్య ఎవరి మీదా గొంతెత్తి ఎరుగడు. చీర మడత విప్పి చూపించేటప్పుడు ఎంత మెత్తగా మాట్లాడతాడో కౌలుదారుతోనూ అంత మెత్తగానే మాట్లాడతాడు. తెరేసమ్మకు భయం కూడా అదే. అరిచే మనిషయితే అరిచి ఊరుకుంటాడు.

ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన పరుపు మీద కూర్చుని ఒక రవికె గుడ్డ కొలుస్తున్నాడు.

“ఏం తెరేసమ్మా, చేలో బోర్డు పెట్టించావంట?”

“నేను పెట్టించలేదండయ్యా. ఆ విజయవాడ అమ్మాయి వాళ్ళు పెట్టారండి. ఏదో వాతావరణం అంటండి.”

“వాతావరణం మంచిదే. కాదన్లా. పొలం నాది, పేరు నీది ఏంటి?”

“నాకు తెలవదండి. ఎవరు చేస్తారని అడిగితే చెప్పానండి. పీకేయమంటే ఇప్పుడే పీకేస్తానండి.”

“బోర్డు పీకుతావు. కంప్యూటర్లో ఎక్కిందాన్ని ఎట్టా పీకుతావు?” ఆయన గుడ్డ మడత పెట్టి పక్కనుంచాడు. “నువ్వు మంచిదానివే తెరేసమ్మా. పందొమ్మిదేళ్ళలో గింజ తేడా చెయ్యలా. కానీ రేపు చట్టాలు ఎట్టా మారతయ్యో ఎవరికి తెలుసు? కౌలు కార్డు మీద సంతకం పెట్టమని ఆఫీసువాళ్ళు అడిగితేనే నేను పెట్టలా. నువ్వేకంగా బోర్డే పెట్టావు.” ఇంకో గుడ్డ అందుకుంటూ, “వచ్చే ఏడు నేనే చేసుకుందామనుకుంటన్నాలే” అన్నాడు.

అరవై ఏడేళ్ళ ఆదిశేషయ్య ఇంతవరకూ కాలికి బురద అంటించుకోలేదు. ఆయన ‘నేనే చేసుకుంటా’ అన్నాడంటే ఇంకొకరికి ఇస్తాడని అర్థం. ఈ మాటకు అర్థం ఏమిటో కౌలు చేసే ప్రతి ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తిండిగింజలు ఆ చేనువే, పెసరా మినుమూ ఆ చేనువే. అది పోతే ఆమె రేపటి నుంచి ఎవరో పిలిస్తే పనికి వెళ్ళాలి, పిలవకపోతే ఇంట్లో కూర్చోవాలి.

ఇంటికొచ్చి మొగుడికి ఫోను చేసింది. యేసుకుమార్ ఇబ్రహీంపట్నం థర్మల్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. కొండపల్లిలో నలుగురితో కలిసి గదిలో ఉంటాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. బోర్డు పెట్టిన రోజున అతను పడీపడీ నవ్వాడు. “నేనిక్కడ బొగ్గు కాలుస్తా, నువ్వక్కడ గాలి ఆపు. మన ఇంట్లోనే సరిపోద్ది లెక్క” అన్నాడు. ఇప్పుడు నవ్వలేదు.

“ఆ వాతావరణం వాళ్ళు ఇయ్యాల నీ పొలం తీస్తన్నారు, రేపు థర్మల్ మూసేయమని నా పని తీస్తారు. ఇంతకీ వాళ్ళు మనవైపా, అటువైపా?”

“ఆ పిల్ల మంచిదయ్యా.”

“అందరూ మంచోళ్ళేనే. శేషయ్యగారూ మంచోడే. అదే అర్థం కావట్లా నాకు. చూడు తెరేసా, పేరు పోతే పోయింది. పొలం నిలబెట్టుకో.”

మర్నాడు శాలిని వచ్చింది. విషయం వినగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఆసామి సంతకం కూడా తీసుకోవాలట, తొందరలో మర్చిపోయిందట. “మా రూల్స్‌లో పని చేసేవాళ్ళ పేరే ఉండాలండీ. అందుకోసమే కదా ఈ ప్రోగ్రామ్. ప్రజలు స్వయంగా పాల్గొనాలి అని…” అంటూ నసిగింది.

“పాల్గొంటానమ్మా. పేరు లేకుండా పాల్గొంటా. నా పేరు తీసేసి ఆయన పేరు ఎయ్యి.”

“అది అబద్ధం అవుతుంది కదండీ.”

“అయితే నిజం చెప్పి నా పొలం పీకించు” అంది తెరేసమ్మ. అని, వెంటనే నొచ్చుకుంది. కూతురి వయసు పిల్ల. ఆమెదీ ఏడాది ఏడాదికీ పొడిగించే ఉద్యోగమేనట, ఈసారి జాబితాలో ఇంతమంది రైతులు ఉండి తీరాలట. చివరికి శాలిని చల్లపల్లి వెళ్ళి, ఆదిశేషయ్య చేత సంతకం పెట్టించుకొచ్చింది. బోర్డు రేకు మారింది. ‘వాతావరణ రైతు: ఆదిశేషయ్య’ అయింది. భూగోళం మాత్రం అలాగే నవ్వుతోంది.

తర్వాత జరిగిందే ఇంకా వింత. బోర్డు తన పేరుకు మారగానే ఆదిశేషయ్యకు వాతావరణం మీద ప్రేమ పుట్టింది. కొట్టుకొచ్చిన వాళ్ళతో “మా చేలో నీళ్ళు కట్టకుండా పండిస్తన్నాం” అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎండలు ఎందుకు ముదురుతున్నాయో, వానలు అదును తప్పి ఎందుకు పడుతున్నాయో వివరించసాగాడు. వచ్చే ఏడు కౌలు సంగతి మాత్రం ఎత్తలేదు. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. తెరేసమ్మ చేలో పని చేస్తూనే ఉంది. ఎవరి చేనులో చేస్తోందో, ఎవరి కోసం ఆరబెడుతోందో, ఆరబెట్టి ఆపిన గాలి ఏ దేశం పోతోందో, ఆలోచించిన కొద్దీ ముడి బిగుసుకుపోయింది. ఆలోచించడం మానేసి కలుపు తీసింది.

డిసెంబరులో, కోతలయ్యాక, విజయవాడలో సభ పెట్టారు. ఆదర్శ రైతులకు సన్మానమట. ఆదిశేషయ్య ముందు రోజు కబురు పెట్టి, “నువ్వు కూడా రా తెరేసమ్మా. ఏమన్నా అడిగితే పక్కనుండి అందిద్దువుగాని” అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు వచ్చే ఏటి మాట తేల్చేద్దామని కూడా అన్నాడు. ఆమె పొద్దున్నే తలస్నానం చేసి, గుడికి కట్టుకెళ్ళే చీర కట్టుకుని, కారు వెనక సీట్లో కూర్చుంది. కంకిపాడు దాటేదాకా మేరీమాతకు మొక్కుకుంటూనే ఉంది. పొలం నిలబెట్టమ్మా, ఇంకేం అడగను అని.

బెంజి సర్కిల్ దగ్గర ఏసీ హాలు. లోపల చలికి తెరేసమ్మ కొంగు నిండా కప్పుకుంది. లోకం వేడెక్కిపోతోందని చెప్పే చోట ఇంత చలేమిటో తెలియలేదు. ఈ చలి కరెంటుతో వస్తుంది, ఆ కరెంటు మొగుడు పనిచేసే చోటు నుంచి వస్తుంది. అలా ఆలోచిస్తే ఇక్కడున్న వాళ్ళందరి కన్నా యేసుకుమారే పెద్ద తప్పు చేసినట్టూ ఉంది, అతను లేకపోతే ఈ సభే లేనట్టూ ఉంది. వేదిక మీద పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ప్రజలు ముందుకు రావాలని చెప్పారు. ప్రజలకు కుర్చీలు వెనక వరసల్లో వేశారు.

ఆదిశేషయ్యను పిలిచి శాలువా కప్పారు. ఆయన దాని అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి మొహం చిట్లించాడు. పవర్‌లూమ్ సరుకని దూరం నుంచే తెరేసమ్మకు అర్థమైంది. ఆమెకు నవ్వొచ్చింది. ఆయన ఫొటోకు నిలబడ్డాడు, చప్పట్లు కొట్టారు, అయిపోయిందనుకున్నారు.

అప్పుడు ముందు వరసలోంచి నెరిసిన జుట్టావిడ ఒకరు లేచారు. వ్యవసాయ శాస్త్రవేత్త అట. “ఆదిశేషయ్యగారూ, మీ చేను డ్రెయిను పక్కన కదా. అక్కడ ఆరబెడితే కింది నుంచి ఉప్పు పైకి రావాలి. మీకు దిగుబడి ఏమీ తగ్గలేదని రాశారు. ఎన్నాళ్ళు ఆరబెట్టారు, ఎప్పుడు నీళ్ళు పెట్టాలో ఎలా తెలుసుకున్నారు?” అని అడిగారు.

ఆదిశేషయ్య నోరు తెరిచాడు. “ఉప్పు… అదేనండీ, ఉప్పు సంగతి… మేము జాగ్రత్తగా చూసుకున్నామండీ” అన్నాడు. ఆవిడ ఇంకా ఎదురు చూస్తూ నిలబడే ఉన్నారు. ఆయన హాలంతా కళ్ళతో వెతికి, వెనక వరసలో తెరేసమ్మను పట్టుకున్నాడు. “ఆ మనిషి చెబుద్దండీ” అన్నాడు.

ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు. అడిగింది చేను గురించి. చేను గురించి అడిగితే చెప్పకుండా ఎలా ఉండటం?

“గొట్టం ఒకటి పాతారండి, దాంట్లో నీళ్ళు జానెడు కిందికి పోయిందాకా ఆగమన్నారండి. మా చేలో అన్నాళ్ళు ఆగితే ఉప్పు ఎక్కుద్దండి. అందుకని నేను గొట్టం చూళ్ళేదండి. శాలినమ్మకి కూడా చెప్పలా, తిడతదని. ఎండెక్కాక గట్టు వారన వంగి చూస్తానండి. మట్టి మీద తెల్లగా పొర తేలిందంటే ఆ పూటే తడపాల. తేలకపోతే ఇంకో రోజు ఆగొచ్చు. చేలో అడుగేస్తే మడమ దిగితే పచ్చున్నట్టు, దిగకపోతే ఆరినట్టు. నీళ్ళు మనం అడగ్గానే రావు గదండీ, అందుకని లస్కరుకి మూడ్రోజుల ముందే చెప్పుకుంటానండి. చేను పొట్ట మీదున్నప్పుడు మాత్రం ఎవరు చెప్పినా ఆరబెట్టలేదండి. కడుపుతో ఉన్నదాన్ని పస్తు పెట్టం గదా.”

శాస్త్రవేత్త గారు గబగబా రాసుకుంటున్నారు. రాయడం ఆపి, కళ్ళజోడు తీసి, తెరేసమ్మను చూశారు.

“అమ్మా, ఆ చేను చేసిన రైతు మీరేనా?”

తెరేసమ్మ వేదిక వైపు చూసింది. ఆదిశేషయ్య శాలువా రెండు కొసలూ పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్ళలో కోపం లేదు, బతిమాలడం ఉంది. అలా ఆయన తనను చూడటం పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. పక్క గోడకు ఆనుకుని నిలబడిన శాలిని తల దించుకుంది. అవునండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే నిజం అవుతుంది, ఈ చప్పట్లన్నీ తనవి అవుతాయి, రేపు చేను ఉండదు.

“కాదండీ. నేను ఆయన పొలంలోకి కూలికెళ్తానండీ” అంది.

ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. వేదిక మీద సభాధ్యక్షుడు మైకు లాక్కుని, “చూశారా! కూలి మనిషికే ఇంత అవగాహన ఉందంటే, ఆదిశేషయ్యగారు ఎంత ఓపిగ్గా నేర్పించి ఉంటారో! ప్రజల భాగస్వామ్యం అంటే ఇదీ!” అన్నాడు. మళ్ళీ చప్పట్లు. శాస్త్రవేత్త గారు మాత్రం కొట్టలేదు. ఆమె కలం పట్టుకుని, “మీ పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను” అన్నారు.

“పేరెందుకులెండమ్మా” అని తెరేసమ్మ కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో ఆదిశేషయ్య ఉయ్యూరు దాటాక, ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే, “తెరేసమ్మా, వచ్చే ఏడు కూడా నువ్వే చేసుకో. ఎన్నాళ్ళు చేసుకుంటే అన్నాళ్ళు” అన్నాడు. గొంతు ఎప్పటికన్నా మెత్తగా ఉంది.

“అట్టాగేనండయ్యా” అంది తెరేసమ్మ.

వక్కలగూడెం అడ్డరోడ్డు దగ్గర దించేసి కారు వెళ్ళిపోయింది. ఇంకా వెలుతురుంది. కోసేసిన చేలలో మినుము అప్పుడే మొలకెత్తుతోంది. పొలం నిలబడింది. మొక్కుకున్నది మొక్కుకున్నట్టే జరిగింది. ఇంటి వైపు నడుస్తుంటే మొగుడి ఫోను వచ్చింది.

“ఏవైందే? ఏవన్నారు?”

“పొలం మనకే ఇచ్చారయ్యా. ఎన్నాళ్ళు చేసుకుంటే అన్నాళ్ళంట.”

“హమ్మయ్య! దేవుడు చల్లగా చూశాడు. గొంతేంటి అట్టా ఉంది? ఏడుస్తన్నావా?”

తెరేసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడిచిన కొద్దీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

“పొలం వచ్చిందన్నావుగా. మరి ఎందుకేడుపు?”

ఆమె గట్టు మీద ఆగి ఆలోచించింది. ఎవరన్నా తనను ఏమన్నా అన్నారా అంటే అనలేదు. ఎవరన్నా ఏమన్నా లాక్కున్నారా అంటే లాక్కోలేదు. అబద్ధం ఆడింది తనే. చప్పట్లు కూడా కొట్టారు.

“ఏమోనయ్యా, నాకూ తెలవట్లా” అంది.